మొత్తుకునే మిషను ఒక్కచోట ఊకున్నది

ముందే ఒప్పుకుంట. నేను గోరంత జరిగితె కొండంత చెప్పే మనిషిని. మా ఇంటిది నా మాటలకెల్లి ముప్పావు వంతు తీసేసి, మిగిలింది గూడ పక్కింటోళ్లను అడిగినంకనే నమ్ముతది. కానీ దయ్యాల సంగతిల నేను పరమ పిసినారిని. యాభై ఏండ్లల్ల ఒక్క దయ్యాన్ని గూడ నమ్మలే, ఒక్కదాని మీద గూడ అబద్ధం చెప్పలే. ఇందుల ఉబ్బించినవి చానున్నయి, అవి మీరే కొట్టేసుకోండ్రి. నికరంగ కల్పించింది మాత్రం ఒక్కటే. అదేందో ఆఖరుకు చెప్త.

మా ఊరు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే దారి పక్కన. పేరు చెప్ప. ఉన్న పరువు గూడ పోతది. మా కుంటలకు ఎన్ని ఫ్యాక్టరీల నీళ్లు దిగుతయో ఆ దేవునికే ఎరుక. పొద్దుగాల పసుపు రంగుల ఉంటది, పగటీలికి చాయ రంగులకొస్తది. నురుగు బర్రె ఎత్తు లేస్తది. కంపంటరా, కుళ్లిన కోడిగుడ్లను మందుసీసల ఊరవెట్టి, పక్కన పాత రబ్బరు చెప్పు కాలవెట్టినట్టు. కాకులు గూడ చుట్టు తిరిగి పోతయి. అయినా ప్రతి ఏడు మా గల్లీ వినాయకుణ్ని అండ్లనే కలుపుతం. మాకు వేరే కుంట లేదు, దేవునికి వేరే గల్లీ లేదు.

మా గల్లీల ఒక పద్ధతున్నది. ఆఖరి పూజకు ఆడోళ్లు మెడల బంగారం తీసి గణపతి మెడల ఏస్తరు. హారతి అయినంక ఎవరిది వాళ్లు తీస్కుంటరు. దేవుడు ఏస్కున్న నగ ఏడాదంత ఇంటిని సల్లగ చూస్తదని నమ్మకం.

మా అక్క సుశీలను ఇస్మాయిల్‌ఖాన్‌పేటల ఇచ్చినం. మొన్నటి నిమజ్జనానికి వచ్చి, అమ్మ గుండ్ల పేరు గణపతి మెడల ఏసింది. నల్లదారానికి గుచ్చిన బంగారు గుండ్లు. అమ్మ పోయినంక అక్కకు మిగిలింది అదొక్కటే. హారతి అయ్యేదాంక నిలవడలేనని, ఆమెకు మోకాళ్ల నొప్పులు, నాకు ఒప్పజెప్పింది.

"తమ్మీ, బండి కదలకముందే యాదితోటి తియ్యి. నీకు చెప్తున్నంటె గోడకు చెప్పినట్టు కావద్దు."

గోడే నయం. డప్పుల మోతల, గులాలుల, ట్రాక్టర్ ముందల నేను చేసిన డాన్సుకు రోడ్డు జానెడు కుంగింది. కట్ట మీదికొచ్చినంక యాదికొచ్చింది. మందిని తోసుకుంట ఉరికిన. అప్పటికే నెట్టేసిన్రు. నేను నీళ్ల కాడికి పోయేసరికి తొండం గూడ మునిగింది.

అక్క ఏడ్వలే. ఏడిస్తె బాగుండు. "అమ్మను రెండోసారి పోగొట్టినవ్ రా" అన్నది. "అది దొరికేదాంక నీ ఇంట్ల మంచినీళ్లు ముట్ట" అని ఆటో ఎక్కింది. ఉన్న ఒక్క అక్క.

నేను పచ్చళ్ల ఫ్యాక్టరీల ప్యాకింగ్ కాడ చేస్త. మా సీసాలన్నీ ఒక మిషను కిందికెల్లి పోతయి. లోపట మొలనో, ఇనుప ముక్కనో ఉంటె అది కూస్తది. తొక్కుల ఉప్పు ఎక్కువైతె, ఏం లేకున్నా కూస్తది. ఉప్పు నీళ్లల్ల కరెంటు పారుతది గద, దాన్నే లోహమనుకుంటది ఆ ముండది. గసొంటి మిషనుతోనే గుండ్ల పేరు దేవులాడుదామనుకున్న గాని, నీళ్లల్ల ఉప్పెంతున్నదో ముందుగాల చూడాలని కుంట నీళ్లు ఒక సీసల వట్టుకపోయి మా ల్యాబుల చూపిచ్చిన. తొక్కుకు సొంత తమ్ముడని తేలింది. అంటె మామూలు మిషను ఇక్కడ పనికిరాదు.

కోఠిల ఒక దుకాణానికి పోయి, సముద్రం ఒడ్డున, లోతు లేని నీళ్లల్ల వాడే మిషను కావాలన్న. దుకాణపాయన నన్ను కిందికెల్లి మీది దాక చూసిండు.

"యాడికెల్లి వచ్చిన్రన్నా?"

"సంగారెడ్డి దిక్కు."

"సముద్రం ఎప్పుడొచ్చిందన్నా ఆడికి?"

"ఫ్యాక్టరీలు వచ్చినంక."

నవ్వి, మూడు మిషన్ల గురించి చెప్పిండు. మొదటిది ఒక్క తీరు తరంగం పంపేది. పొలంల, ఎండిన ఇసుకల బంగారం లాంటి మిషను, ఉప్పు నీళ్లల్ల పిచ్చిలేసినట్టు మొత్తుకుంటది. మొత్తుకోకుండ గొంతు తగ్గిస్తె, సన్న బంగారాన్ని గూడ ఇడిసిపెడ్తది. దాని కింది చక్రమే తడవాలె, మీది డబ్బ తడిస్తె ఖతం. రెండోది ఉప్పును పట్టించుకోదు, లోతుకు పోతది, కానీ మొలకు, బంగారానికి ఫరక్ తెల్వదు. మా కుంటల గణపతులకన్న మొలలు ఎక్కువ. మూడోది ఒకేసారి చాన తరంగాలు పంపేది. ఉప్పును పక్కకు పెట్టి, దొరికింది ఏ తీరు లోహమో అంకెల చూపిస్తది, మొత్తం మునిగినా ఏం కాదు. మీకు ఇదే కావాలన్నడు. ఎనిమిది రోజులకు తెప్పిస్తనన్నడు.

ఎల్లుండే జేసీబీ వచ్చి బొమ్మల ముక్కలన్నీ ఎత్తుకపోతది. ఎనిమిది రోజులు యాడికెల్లి తేవాలె? ఆయన వద్దన్నా వద్దన్నా అంటుండంగనే మొదటిదే తెచ్చుకున్న.

తెల్లారి తొమ్మిది గంటలకు, మంచి ఎండల, ఫ్యాక్టరీ రబ్బరు బూట్లు ఏస్కోని దిగిన. బురద సబ్బు తీరు జారుతుంది. కాలు పీకితె లోపటికెల్లి త్రేన్పు వస్తుంది. నురుగుల కుళ్లిన బంతిపూలు, ఎవరిదో జుట్టు, గణపతి చెవి. పొద్దున తిన్న ఉప్మాను ఆ కుంటకే నైవేద్యం పెట్టిన, రెండు సార్లు.

మిషను చక్రం నీళ్లను తాకంగనే మొదలువెట్టింది. కుక్కతోక తొక్కినట్టు ఒక్కటే మొత్తుకునుడు. మా గణపతి మునిగిన కాడ మూడు గంటలు తిరిగిన. ఆడ ఈడ అని లేదు, అంతట అదే కూత. చెవులు గిల్లుమన్నయి. ఇగ అయిపోయిందనుకోని, దాన్ని బందు చేసే ఓపిక గూడ లేక, గట్లనే ఈడ్సుకుంట ఒడ్డు దిక్కు వచ్చిన.

కట్టకు రెండడుగుల దూరంల మిషను ఊకున్నది.

బ్యాటరీ అయిపోయిందనుకున్న. చక్రం పక్కకు జరిపిన, మొత్తుకున్నది. మళ్ల ఆడికి తెచ్చిన, ఊకున్నది. చాటంత జాగ. దాని చుట్టు అంతట మోత, ఆ చాటంతల మాత్రం చప్పుడు లేదు.

చిన్నప్పుడు అక్క, నేను కొట్టుకోని మొత్తుకుంటుంటె అమ్మ అరవకపోయేది. వచ్చి మా మధ్యల నిలబడి, మూతి మీద ఏలు పెట్టేది. అంతే, ఇల్లంత ఊకునేది. ఆ పొద్దు నాకెందుకో అదే యాదికొచ్చింది.

ముక్కు మూస్కోని, భుజం దాక చెయ్యి పెట్టిన. ఏలుకు దారం తగిలింది.

దుకాణపాయనకు చెప్తె నమ్మలే. "బంగారం మీద మొత్తుకోవాలె గాని, ఊకునుడేందన్నా?" అన్నడు. నేనూ అదే అంటున్న. ఫ్యాక్టరీల టబ్బుల ఉప్పు నీళ్లు పోసి, గుండ్ల పేరు ఏసి, అదే మిషను పెట్టి చూసిన. మొత్తుకున్నది. కుంట నీళ్లే తెచ్చి పోసిన. ఇంక ఎక్కువ మొత్తుకున్నది. మళ్ల ఎన్నడు ఊకోలే. గణపతి మునిగింది నడిమిట్ల, పేరు దొరికింది ఒడ్డున. నిలవ నీళ్లు దాన్ని ఎట్ల మోసుకొచ్చినయో అదీ తెల్వదు.

అక్క చింతపండుతోని మూడు సార్లు కడిగినా కంపు పోలే. గట్లనే మెడల ఏస్కోని, మా ఇంట్ల చెంబెడు నీళ్లు తాగింది.

ఇగ కల్పించింది చెప్త. నేను నీళ్ల కాడికి పోయేసరికి తొండం మునిగిందన్న గద. మునగలే. గణపతి ఇంకా ఒడ్డునే, మోకాళ్ల లోతుల ఉండె. గుండ్ల పేరు ఎండకు మెరుస్తుండె. రెండడుగులు ఏస్తె చేతికందేది. నురుగు నా చెప్పులను తాకింది. ఛీ అనిపించింది. ఎనకకు జరిగిన. ఆ సందులనే నడిమిట్లకు నెట్టేసిన్రు.

ఆ రెండడుగుల కాడనే మిషను ఊకున్నది.

అది ఎందుకు ఊకున్నదో నాకు ఇప్పటికీ తెల్వదు. నేను ఇన్ని రోజులు ఎందుకు ఊకున్ననో అక్కకు తెల్వదు. ఇది చదివినంక తెలుస్తది. మళ్ల నా ఇంట్ల నీళ్లు ముడ్తదో లేదో.