పంగలకర్ర ఇంజను

మోటారు కార్లు మా జిల్లా మొహం చూడని రోజులవి. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన జనాన్ని గోదావరి దాటించే స్టీమరులో నేను బొగ్గు వేసేవాణ్ణి. పాత ఇంజనుకు సిలిండరు ఒక్కటే. దాని పిస్టను సరిగ్గా కొసన ఆగిందంటే ఎంత ఆవిరి వదిలినా కదిలేది కాదు. ఇంజను చక్రాన్ని గునపంతో మీటి తిప్పాల్సిందే. ఆ పని నాది.

ఆ ఏడు కొత్త ఇంజను వచ్చింది. దానికి రెండు సిలిండర్లు. పంగలకర్రలా చెరోవైపు వాలి, కింద ఒకే ఇరుసును తిప్పేవి.

వరద రోజుల్లో ఒకనాడు నడిగోదాట్లో పెద్ద దుంగ వచ్చి బయటి తెడ్ల చక్రంలో ఇరుక్కుంది. డ్రైవరు యేసుపాదంగారు ఇంజను ఆపేశారు. చుక్కాని పట్టే సరంగు వచ్చి దుంగను లాగేసేలోపే పడవ ఆనకట్ట వైపు కొట్టుకుపోసాగింది. నీటి హోరు వినగానే ఒక పెద్దాయన అన్నవరం సత్యదేవుడికి మొక్కేసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ గునపంతో ఇంజను చక్రం దగ్గరికి పరుగెత్తాను.

"సుబ్బయ్యగారూ, తీసెయ్యండి! చెయ్యి పోద్దండీ!" అని నన్ను చూసి అరిచారు యేసుపాదంగారు.

"మరి తిప్పొద్దాండి?"

"ఒకటి మొరాయిస్తే రెండోది నెడతాదండి!"

ఆవిరి వదిలారు. నిజంగానే నెట్టింది. పడవ ఒక్కసారి వణికి, వరదకు ఎదురు తిరిగింది.

ఒడ్డున దిగాక చూసుకుంటే గునపం ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.

అప్పటిదాకా పడవెక్కగానే గోదారమ్మకు దణ్ణం పెట్టేవాణ్ణి. మర్నాటి నుంచి ముందు ఆ ఇంజనుకు పెట్టి, తర్వాతే తల్లి వైపు తిరిగేవాణ్ణి. ఆవిడకు కోపం వచ్చిన దాఖలా లేదు.