అతుకు వేసినవాడి పీట

స్పిరిట్ దీపం నీలంగా అంటుకోగానే వచ్చే ఘాటు వాసనకు ఇప్పటికీ నా అరచేతుల్లో చెమట పడుతుంది. ఈ ఉదయం శామీర్‌పేటలో మా ఇంటి వరండాలో ఆ దీపాన్ని మళ్లీ వెలిగించాను. దాని మీద ఉన్న మూరెడు పొడవు ఆవిరి రైలింజిన్ నమూనా యాదగిరి సారుది. ఆయన చేసిన పొరపాటు వల్లే అది పేలిందని మేడ్చల్‌లో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు.

సారు రైల్వే లోకోషెడ్‌లో బాయిలర్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. ముప్పై దాటినా ఆకురాయి పట్టడం రాని నన్ను ఆదివారాలు మేడ్చల్‌లోని తమ ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలబెట్టి నేర్పారు. "నూకేటప్పుడే మోపు. గుంజేటప్పుడు లేపు. గంతే" అనేవారు. ఇవాళ తుర్కపల్లి మందుల కంపెనీలో బాయిలర్ చూసే ఉద్యోగం నాకు ఆ షెడ్డు పెట్టిన అన్నమే.

ఒకసారి ఆయన రెడీమేడ్ ఇంజిన్ ఒకటి కొన్నారు. గూడ్సు లాగే వై.జి. తరగతి మోడల్, ఎనిమిది చిన్న చక్రాలు. ఆయనకు కావలసింది వై.పి., ఒకప్పుడు మేడ్చల్ మీదుగా ప్యాసింజర్ బండి లాగిన ఆరు పెద్ద చక్రాల ఇంజిన్. "గిది ఎద్దు. గుర్రం జేద్దాం" అన్నారు. చట్రం కోశాం, చక్రాలు మార్చాం. పెద్ద చక్రాలతో బాయిలర్ పైకి లేచింది. సేఫ్టీ వాల్వు చోటు మార్చాల్సి వచ్చింది. కొత్త రంధ్రం చేసి, వాల్వు కూర్చునే కంచు బుడిపెను వెండి టంకంతో అతికే పని నాకిచ్చారు.

ఆయన కొడుకు శ్రీనివాస్‌కు ఇదంతా నచ్చేది కాదు. "నాయినా, ఏమన్న అయిందంటే షెడ్డుకు తాళమేస్త."

"ఏస్తువు తియ్యి. గా తాళం గూడ నేను జేసిందే" అని సారు నవ్వారు.

వెండి టంకం కరిగి పారాలంటే బాయిలర్ మొత్తం ఎర్రబడాలి. అంత వేడికి ఫ్యాక్టరీ వేసిన పాత అతుకులు ఊడతాయేమోనని భయపడ్డాను. అడగడానికి సిగ్గుపడ్డాను. తక్కువ వేడికే కరిగే సీసం టంకంతో అతికి, పైన రంగు పూశాను. చల్లని నీళ్లు నింపి పంపు కొట్టిన పరీక్షకు అది ఆగింది. ఆవిరికి ఆగకపోవచ్చని నాకు తెలుసు.

సారుది ఒక కట్టుబాటు. మొదటిసారి ఆవిరి పెట్టినప్పుడు అతుకు వేసినవాడే బాయిలర్ పక్కన పీట మీద కూర్చోవాలి. "పాణం పక్కనుంటే చెయ్యి అబద్ధమాడది" అనేవారు.

ఆ ఆదివారం నేను కూర్చున్నాను. ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు లేస్తోంది. బుడిపె అంచున ఒక నీటి చుక్క పుట్టి, బుస్సుమని ఆవిరైంది. దీపం ఆర్పండి అంటే చాలు.

"సార్, ఫోనొస్తాంది" అని లేచాను. ఏ ఫోనూ మోగలేదు.

"పో, జల్దీ రా" అంటూ ఆయన నా పీట మీద కూర్చున్నారు.

గేటు దగ్గర ఉలుకూపలుకూ లేని ఫోనుకు హలో చెబుతుండగా వెనక ఫట్‌మంది. ఆయన కుడిచెయ్యి, చెంప కాలిపోయాయి. శ్రీనివాస్ పరుగున వచ్చి, "ఎవలేసిండ్రు గీ అతుకు?" అని అరిచాడు. సారు ఊడిన బుడిపెను ఎడమచేత్తో తిప్పి చూశారు. సీసం మెరిసింది. నా వైపు చూసి ఆగారు. నేను మాట్లాడతానని ఆగారు.

"నేనే ఏసిన. కండ్లు ఆనుత లేవు" అన్నారు చివరికి.

ఆ సాయంత్రమే షెడ్డుకు తాళం పడింది. తర్వాత సారు నాలుగేళ్లు బతికారు. తానే చేసిన ఆ తాళం తియ్యలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంజిన్ మాత్రం నా చేతికిచ్చి, "మల్ల జెయ్యి" అన్నారు.

పోయిన వారం శ్రీనివాస్‌కు అంతా చెప్పాను. "గీ మాట నాయిన ఉన్నప్పుడు జెప్తే ఏం పోతుండెనే?" అన్నాడు.

ఆ తర్వాతే బాయిలర్‌ను ఎర్రగా కాల్చి వెండి టంకం పారించాను. పాత అతుకు ఒక్కటీ కదలలేదు.

ఇప్పుడు పీట మీద కూర్చున్నాను. ముల్లు లేస్తోంది. ఇంట్లో ఫోను మోగుతోంది, ఈసారి నిజంగానే. నేను లేవలేదు.