వెనక్కి చూసే చిలక

మా వదిన, అంటే మా ఆయన అక్క, నన్ను కొత్తవాళ్ళకు చూపించేటప్పుడు రెండు ముక్కలు చెప్తుంది. ఒకటి, "మా తమ్ముడి పెండ్లాం." రెండు, "నా పుస్తకంలో చిలక పేజీ చింపింది ఈమే." మొదటి మాటకు ఎవరూ తలెత్తరు. రెండో మాటకు అందరూ చూస్తారు.

ఆ పేజీ నేను చింపలేదు. చింపలేదని గట్టిగా చెప్పుకునేదానికి నాకు ఇన్నేండ్లు ఎందుకు పట్టిందంటే, అది చెప్పాలంటే ఇంకొకటి కూడా ఒప్పుకోవాల్సి వచ్చేది.

వదినది గిద్దలూరు. ఆమె మొగుడికి, నేను అన్నయ్య అనేవాణ్ణి, రైల్వేలో పని, స్టేషన్‌కు దగ్గర్లోనే ఇల్లు. స్టేషన్‌లో పుస్తకాల బండి మీదికి నెలకొకసారి కుట్లు అల్లికల పుస్తకం వచ్చేది. వదిన దాన్ని తీసుకొని, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, పరుపు కింద పెట్టుకునేది. మాది మార్కాపురం. మా అత్తమ్మ మా దగ్గరే ఉండేది కాబట్టి, వదిన నెలకొకసారి తల్లిని చూసేదానికి వచ్చి రెండు రోజులుండి పోయేది. వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చేది, పోయేటప్పుడు తీసుకపోయేది. నా చేతికిచ్చేటప్పుడు ఒక్కటే మాట చెప్పేది.

"చూసుకో. కుట్టబాక."

ఒకే బొమ్మ రెండిండ్లలో ఉంటే దాని విలువ పోతుందని వదిన లెక్క. ఇంటికొచ్చినోళ్ళు గోడ మీద కుట్టి పెట్టిన బాతు బొమ్మను చూసి "ఇట్లాంటిదే ఫలానా వాళ్ళింట్లో చూసినాం" అన్నారంటే, ఆ బాతు ఆ పొద్దే చచ్చిపోయినట్టు.

నేను చదివింది ఐదో తరగతి. వేలు పెట్టి చదువుతాను గాని, ఏదీ వదలను. ఆ పుస్తకం మొదటి పేజీలో పౌడరు ప్రకటన నుంచి చివర్లో ఎక్కడ అచ్చు వేసినారో రాసిన గీత దాకా చదివేదాన్ని. "దారమును క్రింది నుండి పైకి తీసి, సూదిని మూడు పోగుల అవతల గుచ్చవలెను" అని ఉంటుంది. అది చదివితే నాకు చేతివేళ్ళలో ఏదో పాకినట్టు ఉండేది. మాట చదవంగానే చెయ్యి లేస్తుంది. చూసుకొని ఊరకుండమంటే ఎట్ల?

ఆ నెల వచ్చిన పుస్తకంలో రెండు చిలకలు. గళ్ళ బొమ్మ. గడిలో అడ్డగీత ఉంటే ఆకుపచ్చ, చుక్క ఉంటే ఎరుపు, సున్నా ఉంటే పసుపు, ఖాళీగా ఉంటే వదిలెయ్యాలి. గడికొక ఇంటూ కుట్టు. ఒక కాగితం మీద ముందుకు చూసే చిలక, తర్వాతి కాగితం మీద మెడ తిప్పి వెనక్కి చూసే చిలక. ఆ రెండోదాన్ని చూసి నేను నీళ్ళు మోసుకొచ్చే పని మర్చిపోయినా.

మా ఆయన పలకల ఫ్యాక్టరీలో చేసేవాడు. అంచు విరిగినవీ, గీత పడినవీ ఇంటికి తెచ్చి గోడకు చేర్చి పెట్టేవాడు. ఇంట్లో బియ్యం లేని రోజు ఉండొచ్చు గాని పలక లేని రోజు లేదు. వదిన, అత్తమ్మ కలిసి కూరగాయలకు బజారుకు పోయిన పొద్దున నేను మేకుతో పలకల మీద గళ్ళు గీసి, బలపంతో ఆ వెనక్కి చూసే చిలకను తోక నుంచి ఎక్కించడం మొదలుపెట్టినా. వాళ్ళు బజారుకు పోయిన రెండు పొద్దులు పట్టింది. నాలుగు పలకలైనాయి. వాటిని గోడకున్న పలకల మధ్యలో దోపినా. పలకల ఇంట్లో పలకను ఎవరు వెతుకుతారు?

బలపం రాత చెయ్యి తగిలితే పోతుంది. అందుకని వరసలను ఎక్కాల మాదిరిగా కంఠతా పట్టినా. "మూడు వదులు, ఐదు ఆకు, ఒక చుక్క, రెండు ఆకు." గిన్నెలు తోముతా అదే, పిండి రుబ్బుతా అదే. మా అత్తమ్మ నేనేదో మంత్రం చదువుతున్నానని ఊర్లో చెప్పింది. ఆ చిలకతో నాలుగు దిండు గలీబులు కుట్టినా. మా ఇంట్లో పెడితే వదిన కంట పడుతుందని అన్నీ మా పుట్టింటికి పంపించినా. మా నాయన వాటి మీద ఏండ్ల తరబడి తలపెట్టుకొని పండుకున్నాడు. తర్వాత అవి చిరిగి మసిగుడ్డలైపోయినాయి. పలకలను మా పిల్లలు బడికి తీసుకపోయి తుడిచేసినారు.

వదిన కూడా ఆ చిలకలనే పెద్ద దుప్పటి మీద మొదలుపెట్టింది. ముందుకు చూసే చిలక అయ్యేసరికి రెండో కాన్పు వచ్చింది. దుప్పటి పెట్టెలోకి పోయింది. మూడేండ్ల తర్వాత తీసి చూస్తే, పుస్తకంలో ఇరవై ఆరో పేజీ తర్వాత ఇరవై తొమ్మిది ఉంది. మధ్యలో కాగితం చిరిగిన పళ్ళు. వదిన ఇంకెవరినీ అడగలేదు. "గిద్దలూరు దాటి ఈ పుస్తకం పోయింది మీ ఇంటికే" అనింది.

నేను చింపలేదు వదినా అంటే, "మరి ఆ బొమ్మను చూసి నీ మొహం ఎందుకట్ల వెలిగిపోయింది ఆ పొద్దు?" అనింది. దానికి జవాబు పలకల్లో ఉంది. చెప్తే కుట్టిన సంగతి బయటపడుతుంది. ఊరకున్నా. ఊరకున్నానంటే ఒప్పుకున్నట్టేనని వదిన తీర్పు. అప్పటి నుంచి పెండ్లిలో చెప్పింది, పేరంటంలో చెప్పింది. మా అత్తమ్మ పెద్దకర్మ నాడు వడ్డిస్తా, ఇంకో గారె వెయ్యమంటావా వదినా అని అడిగితే, "వెయ్యి. పేజీ చింపినావు గాని గారెలు బాగా చేస్తావు" అనింది. పంక్తిలో ఉన్నోళ్ళంతా నా చేతుల వంక చూసినారు.

మొన్న వేసవిలో వదినకు శుక్లాల ఆపరేషనైంది. పొయ్యి దగ్గరికి పోవద్దన్నారని మా ఇంటికొచ్చి ఉండింది. కొత్త అద్దాలొచ్చినాక, కుట్టుకోవచ్చునని డాక్టరు చెప్పినాక, వెంట తెచ్చుకున్న పెట్టెలో నుంచి ఆ దుప్పటి తీసింది. ఒక చిలక, దాని పక్కన అంతే జాగా ఖాళీ.

"కండ్లున్నప్పుడే దీన్ని అయిపోగొట్టాల" అనింది. నా వంక చూడకుండా అనింది. చూసి అన్నా బాగుండేది.

మా కోడలు సచివాలయంలో చేస్తుంది. దానికి ట్యాబ్‌లో కుట్టు పుస్తకాలు చదివే అలవాటు. మన దేశానివి, వేరే దేశాలవి, అన్నీ కలిపి అరవై దాకా ఉంటాయి. సూది మాత్రం ఇంతవరకు పట్టలేదు. వదిన పెట్టిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది మా వంశంలో అదొక్కతే. నేను కూడా అందులో చదువుతా. బొమ్మ ఎంత పెద్దది కావాలంటే అంత చేసుకోవచ్చు, అది బాగుంటుంది. అయితే నేను వరస లెక్కపెట్టే లోపల తెర ఆరిపోతుంది. వెలిగిద్దామని తాకితే చిలక పక్కకు పోయి ఊరగాయ ప్రకటన వస్తుంది.

ఎవరో పాత పుస్తకాలన్నీ ఫోటోలు తీసి నెట్‌లో పెట్టినారంట. కోడలు రెండు రోజులు వెతికి ఆ నెల పుస్తకాన్ని పట్టుకొచ్చింది. అదే అట్ట, అదే పౌడరు ప్రకటన. ఆ కాగితం కనబడితే వదిన దుప్పటి అయిపోతుంది. దుప్పటి అయిపోతే, నా మీద మాట కూడా దుప్పటితో పాటు మడతపడి పెట్టెలోకి పోతుందని నా ఆశ.

వదిన ట్యాబ్‌ను చేట పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. పేజీ తిప్పేదానికి వేలు నాలుకకు అద్దుకుంది.

"పెద్దత్తమ్మా, తడి చెయ్యక్కర్లేదు" అని కోడలు చెప్పింది.

"నీకు తెలీదు, పాత పుస్తకం, అంటుకొని ఉంటాయి" అని వదిన మళ్ళీ అద్దుకుంది.

ముందుకు చూసే చిలక వచ్చింది. కోడలు దాన్ని పెద్దది చేసి చూపించింది. "ఇంత గడి ఉంటే దుప్పటికి కాదమ్మా, ఎద్దు మీద కప్పే జూలు గుడ్డకు కుట్టొచ్చు" అనింది వదిన. కాని గొంతు మెత్తబడింది. ఇరవై ఆరో పేజీ. వేలు అద్దుకొని తోసింది.

ఇరవై తొమ్మిది.

వెనక్కి తోసి, మళ్ళీ ముందుకు తోసింది. ఇరవై తొమ్మిదే. ఫోటోలో మధ్యన చిరిగిన కాగితం పళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

వదిన ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకొని నన్ను చూసింది.

"ఈ పుస్తకం ఎక్కడిదమ్మా?" అని కోడలిని అడిగింది.

"హైదరాబాదులో ఎవరిదో అంట, పెద్దత్తమ్మా."

"మీ అత్త ఎప్పుడన్నా హైదరాబాదుకు పోయిందా?"

"ఒక్కసారి పోయినా వదినా, పెండ్లికి" అన్నాను నేను.

"చాలు" అనింది.

కోడలు నవ్వాపుకోలేక లోపలికి పోయింది. వదిన నవ్వలేదు. దుప్పటిని నాలుగు మడతలు పెట్టింది. కుట్టిన చిలక లోపలికి పోయేటట్టు మడిచింది. "ఇస్త్రీ బల్ల మీద పరుచుకోండి, మందంగా ఉంటుంది" అని నా పక్కన పెట్టింది. పెట్టినాక ఖాళీగా ఉన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుంది. అన్ని మాటలన్నప్పుడు నాకు రాని ఏడుపు ఆ చేతులు చూసి వచ్చింది.

నేను దుప్పటి విప్పి ఖాళీ జాగాను పైకి పెట్టి చెప్పినా. "కింది నుంచి మొదటి వరస. పద్దెనిమిది వదులు, రెండు ఆకు. రెండో వరస. పదిహేడు వదులు, మూడు ఆకు, ఒక చుక్క."

"ఏందది?"

"తోక."

వదిన నా వైపుకు తిరిగింది. "నీకెట్ల తెలుసు?"

చెప్పినా. బజారు, పలకలు, బలపం, మంత్రం, మా నాయన తల కింది గలీబులు, అన్నీ చెప్పినా. "కాగితం చింపుకొని దగ్గర పెట్టుకునేదాన్నయితే, ఎక్కాల మాదిరిగా బట్టీ ఎందుకు పడతాను వదినా?"

"ఎన్ని కుట్టినావు?"

"నాలుగు."

"నేను ఒకటి కుట్టలేకపోతే, నాకు తెలీకుండా నాలుగు."

"అవును."

ఇంకేమన్నా అంటుందేమో అని చూసినా. అద్దాలు సర్దుకొని సూదిలో ఆకుపచ్చ దారం ఎక్కించింది. తనకు తానే ఎక్కించుకుంది, మొదటిసారికే ఎక్కింది. "మూడో వరస చెప్పు" అనింది.

మూడు వారాలు అదే పని. అన్నాలైనాక నేను చెప్తా, వదిన కుడుతుంది. ఒకచోట ఆరు ఆకు అని చెప్తే, "ఐదు. రెక్క అంత లావుండదు" అనింది. ఒప్పుకోలేదు నేను. కోడలు వచ్చి, "ఇద్దరిలో ఎవరన్నా ఆ పేజీ చూసినారా అసలు?" అని అడిగింది. ఆరే కుట్టింది చివరికి. రెక్క కుదిరింది. తోక, కడుపు, మెడ తిరిగే మలుపు, తల, కన్ను, అన్నీ వచ్చినాయి. అప్పుడు నేను ఆగిపోయినా.

"ముక్కు?" అనింది వదిన.

"ముక్కు రాసుకోలేదు. అది పక్కకు పొడుచుకొని వస్తుంది కాబట్టి దానికి ఇంకో పలక తీసినా. అప్పుడే నువ్వు బజారు నుంచి వచ్చి తలుపు తోసినావు. పుస్తకం మూసేసినా. గలీబులకు నా మనసుకు తోచినట్టు కుట్టినా, నాలుగింటికి నాలుగు రకాల ముక్కులు."

వదిన సూదిని గుడ్డకు గుచ్చి ఆలోచించింది. "చిలక వరకు నువ్వు చింపలేదు, ఒప్పుకుంటా. ముక్కు మాత్రం అనుమానమే."

"చిలక, ముక్కు ఒకే కాగితం మీద ఉండె కదా వదినా."

"తెలుసు" అనింది.

తర్వాత ఆ నాలుగు ముక్కులు ఎట్లా ఉండేవో ఒక్కొక్కటి అడిగింది. నేలమీద వేలితో గీసి చూపించినా. మూడోది బాగుందనింది. ఎర్ర దారం ఎక్కించి సూదిని నా చేతిలో పెట్టి, దుప్పటిని నా వైపుకు జరిపింది. నేను పద్నాలుగు కుట్లు వేసినా. వదిన అద్దాలు కొంగుతో తుడుచుకొని, దగ్గరికి వంగి చూసి, అందులో మూడు విప్పించింది.