బిందె మీద పేరు

ఎరువుల కొట్టు మూతబడింది. అప్పులు తీర్చలేనని వచ్చే వారం కోర్టులో ఐపీ పెడుతున్నాను. ఇంట్లో సామానంతా రాసుకు రమ్మన్నారు లాయరుగారు. ఈ రోజు మధ్యాహ్నం నేను ఒక్కొక్కటీ చెబుతుంటే మా ఆవిడ రాసింది. వంటింట్లో మంచినీళ్ల స్టీలు బిందె ఇటు తిప్పాను. ‘నూతన దంపతులకు, సత్యం బాబాయి, ఉయ్యూరు’ అని చెక్కి ఉంది. కొట్టు కోసం చెరకు డబ్బులు తెచ్చి అప్పుగా నా చేతిలో పెట్టిన బాబాయి. నేను బాకీ ఎగ్గొట్టబోయేవాళ్లలో మొదటి పేరు ఆయనదే.

“వంట సామాను ఎవరూ పట్టుకుపోరన్నారుగా లాయరుగారు. ఇది మనకే ఉంటుందండీ,” అంది మా ఆవిడ.

నా భయమూ అదే.

సాయంత్రానికి ఆవిడ ఆ పేరును గోడవైపు తిప్పి పెట్టింది. నేను దాహమేస్తే కుళాయి దగ్గరికి పోతున్నాను.

మీ ఇంట్లో బిందె మీద ఎవరి పేరుంది? వాళ్లింటికి మీరింకా వెళ్లగలరా?