తెలుపుకు జోడైన తెలుపు

ఇంగ్లిషు నాకు ఎప్పుడూ సరిగ్గా సెట్ కాలేదు. అందులో ఒక్క మాట మాత్రం క్షుణ్ణంగా వచ్చు, అదీ ఇదే. సంబంధం కుదిరితే సెట్, దోశలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే సెట్, హారానికి కమ్మలు కలిస్తే సెట్. మా తమ్ముడు పైచదువుకు రాసిన పరీక్ష పేరు చివరా సెట్టే ఉంది. అది వాడికి సెట్ కాలేదు. మా ఇంటి ఆనవాయితీ పోలేదు.

హనుమకొండలో నాది మ్యాచింగ్ సెంటర్. చీరకు జాకెట్ గుడ్డ కలిపే చోట ఆ మాటకు ఒకటే అర్థం. ఏ రంగు అడిగినా గుడ్డను గడప దాటించి ఎండలో పట్టి చూస్తాను. ట్యూబులైటు కింద అన్ని రంగులూ మర్యాదస్తుల్లాగే ఉంటాయి. ఈ పనిలో నన్ను మించినవాడు బజారులో లేడని నా అభిప్రాయం. మా ఆవిడ అభిప్రాయం అడగలేదు.

మొన్న వేసవిలో ఒక తల్లీ కూతురూ తెల్ల పట్టుచీర తెచ్చారు. తల్లి తన పెళ్లికి చర్చిలో కట్టుకున్నదట. వచ్చేవారం పిల్ల పెళ్లి, ఆమెకు అదే చీర కావాలి. పాత జాకెట్ మాత్రం చిరిగిపోయింది.

ఎరుపైతే నిమిషం పని. తెలుపుతోనే చిక్కు. ఆ చీర ఇన్నేళ్లలో మీగడ రంగుకు తిరిగింది. నా తెలుపులన్నీ దాని పక్కన సున్నం కొట్టినట్టున్నాయి.

"సెట్ అయితలేదు గదన్నా," అంది తల్లి. "కొత్తది కొనుక్కో బిడ్డా. నలుగుర్ల పాత చీర అంటరు."

"అంటే అననియ్యి. నాకు గిదే కావాలె." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

చీరను పూర్తిగా విప్పించాను. నడుము దగ్గర లోపలికి దోపుకునే కొస ఎవరికీ కనబడదు.

"అక్కా, జాకెట్ గుడ్డ దీంట్లనే ఉన్నది. ఈ కొస కోసి, ఆడ మామూలు గుడ్డ అతుకుత. కుచ్చిళ్ల కింద దాగుతది. జర ఆలోచించుకో, కోసినంక మల్ల అతకరాదు."

ఆమె చాలాసేపు ఆ కొసను తడుముతూ కూర్చుంది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"పెండ్లయినంక నాకు వాపస్ ఇస్తవా?"

"ఇయ్య."

"అయితే కొయ్యి అన్నా."

కత్తెర పడితే చెయ్యి తడబడని మనిషిని. అయినా ఆ రోజు ముందు కళ్లద్దాలు తుడుచుకున్నాను.

కోసిన ముక్కను గడప బయట ఎండలో తల్లి పిల్ల భుజం మీద వేసి చూసింది.

"చేతులు జర పొడుగు కుట్టియ్యాలె," అంది. కొత్త చీర ఊసు మళ్లీ ఎత్తలేదు.