నాయనమ్మ అడిగిన సజ్జరొట్టె

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక మట్టిగోడలో, సరిగ్గా మా చెల్లి నోటికి అందే ఎత్తులో, ఒక గుంట ఉండేది. అది వానకు పడ్డ గుంట కాదు, ఎలుకలు తవ్విందీ కాదు. మా చెల్లి తిన్నది. నాలుగేళ్ళ పిల్ల, మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ మెల్లగా వెనక్కి వెళ్ళి, వేలితో గోడ గీకి, ఆ మట్టిని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. వాన వెలిశాక ఆ గోడ నుంచి వచ్చే వాసన ఇప్పటికీ నాకు నిద్రలో తగులుతూ ఉంటుంది. ఆ వాసనకు నాకే నోరూరేది, ఇక దాన్నేమనను.

మాది నకరికల్లు వైపు పల్లె. అప్పటికి సాగర్ కాలవ నీళ్ళు మా పొలాలకు వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు మా మెట్ట చేలల్లో జొన్న, సజ్జ, కంది తప్ప మరొకటి పండేది కాదు. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో వండేవాళ్ళు. నీళ్ళు రాగానే ఊరంతా వరి వేసింది. పూటపూటా తెల్లన్నం తింటే పెద్దింటివాళ్ళయిపోయినట్టే. మా నాయనకైతే ఆ తెలుపంటే మహా మురిపెం. జొన్నల గాదె ఖాళీ చేయించి, ఇక ఈ ఇంట్లో రొట్టె తట్టే చప్పుడు వినపడకూడదన్నాడు.

తెల్లన్నం తింటూ తింటూ మా చెల్లి కూడా తెల్లబడింది. పిల్ల రంగు తేలిందని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. తర్వాత తర్వాత అది ఆడుకోవడం మానేసింది. పంచలో స్తంభానికి ఆనుకుని, చూపు ఎక్కడో పెట్టి అలా కూర్చునేది. పిలిస్తే నిద్రలోంచి వచ్చినట్టు చూసేది. మట్టి మాన్పించాలని అమ్మ దాని వేళ్ళకు వేపాకు పూసింది, కొట్టింది, కొట్టి తనే ఏడ్చింది. అది వేపచేదుతో సహా మట్టి తినేది. ఒకరోజు గడప దాటబోతూ కళ్ళు తిరిగి పడిపోయింది.

నరసరావుపేటలో డాక్టరుగారు కింది రెప్ప లాగి చూసి, పిల్లకు రక్తం బొత్తిగా లేదన్నారు. ఇలాగే వదిలేస్తే గుండె మీదికొస్తుందన్నారు. మందు సీసా ఇచ్చి, మంచి తిండి పెట్టమన్నారు. మంచి తిండి అనగానే మా నాయన తనకు తెలిసిన మంచే చేశాడు. బియ్యాన్ని మిల్లులో మరోసారి పాలిష్ పట్టించాడు. మల్లెపూవులాంటి ఆ అన్నంలో నెయ్యి పోసి అమ్మ కలిపి పెడితే, చెల్లి ముద్దను బుగ్గన పెట్టుకుని మింగకుండా కూర్చునేది. నాయన ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక్క ముద్ద తినమని బతిమాలేవాడు. ఆయన ప్రేమలో లోపం లేదు. అందుకే ఆయనకు ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు.

సరిగ్గా అప్పుడే మా నాయనమ్మకు ఒక కోరిక పుట్టింది.

"ఒరేయ్, నాకు సజ్జరొట్టె తినాలనుందిరా. నాలిక పీకుతంది."

నాయన ముఖం మాడ్చుకున్నాడు. కాలవ కింద పొలం పెట్టుకుని కన్నతల్లికి సజ్జలు పెడుతున్నాడని ఊరు నవ్వుతుందని ఆయన బాధ. "ఏందమ్మా ఇది, చానా నామర్దాగా ఉంటది" అన్నాడు. ఆవిడ అన్నం మానేసి అటు తిరిగి పడుకుంది. తల్లి పస్తుంటే ఏ కొడుకు మాత్రం ఎంతసేపు బిగుసుకుంటాడు. మర్నాడు పక్క ఊరి నుంచి సజ్జలు వచ్చాయి.

నాయనమ్మ రోజూ పంచలో, చెల్లి ఆనుకునే స్తంభం పక్కనే చతికిలబడేది. అమ్మ వేడి రొట్టె, గోంగూర పచ్చడి, చిన్న బెల్లం ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చేది. చెల్లిని తినమని నాయనమ్మ ఒక్కమాట అనేది కాదు. పైగా పళ్ళెం మీద కొంగు కప్పి, "ఏమే, అట్ట చూడమాక. ఇది నాది" అని కసిరేది. గోంగూర పులుపు వాసనకో, ఆ కసురుకో, చెల్లి చూపు ఎక్కడినుంచో మెల్లగా ఇటు మళ్ళేది. కొంగు కిందికి ఒక చిన్న చెయ్యి దూరేది. నాయనమ్మ ఏమీ ఎరగనట్టు దూరంగా కాలవగట్టు వైపు చూస్తూ కూనిరాగం తీసేది. ఆ ఎండ, ఆ పొగ, లోపల రొట్టె తట్టే చప్పుడు, ఆ రాగం అన్నీ నాకిప్పుడు ఒకే మధ్యాహ్నంలా కలిసిపోయాయి.

ఒకరోజు నాయన పొలం నుంచి పెందలాడే వచ్చాడు. చెల్లి రొట్టె నములుతోంది, మూతి నిండా గోంగూర. పక్కనే నాయనమ్మ గిన్నెలో మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని మింగుతోంది. నాయన చెప్పులు విడవకుండా అక్కడే నిలబడిపోయాడు. అప్పుడు నాకూ తట్టింది. మా నాయనమ్మ నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ రొట్టె ఆవిడ ఎలా నమలగలదు? ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నాం, ఒక్కరికీ గుర్తు రాలేదు. రొట్టెలు తిన్నన్నాళ్ళూ ఈ ఇంటి పిల్లలు గోడ జోలికి పోలేదని ఆవిడ గమనించినట్టుంది. ఆ మాట కొడుకు మొహాన అంటే, పిల్లకు తన చేతులతోనే కీడు చేశానని కుమిలిపోతాడు. అందుకని తిండియావ ముసలిదన్న పేరు తనే నెత్తినేసుకుంది. ఆవిడ నాయన్ని చూసి బోసినోటితో నవ్వింది. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ ఏడు కాలవ నీళ్ళెక్కని మెరకచెక్కలో మా నాయన సజ్జ వేశాడు. ఎందుకని ఊళ్ళో అడిగితే, మా అమ్మకిష్టం అని చెప్పేవాడు. మందు సీసా కూడా దాని పని అది చేసే ఉంటుంది, కాదనను. చెల్లికి ముందు పెదాలకు రంగొచ్చింది, ఆ తర్వాత అల్లరొచ్చింది. గోడలో గుంటను అమ్మ పూడ్చి అలికేసింది.

ఇప్పుడు ఆ గోడా లేదు, ఆ పంచా లేదు. మొన్న అంగన్‌వాడీలో మా చిన్న మనవరాలికి రక్తం తక్కువగా ఉందన్నారు. ఇంట్లో దేనికీ కొదవలేదు. పిల్ల మాత్రం బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్లు తప్ప మరొకటి ముట్టదు. తినమని వాళ్ళమ్మ వెంటపడితే మంచం కిందికి దూరుతుంది. ఇవాళ పొద్దున నేను వంటింటి గుమ్మంలో నిలబడి, సజ్జరొట్టె తినాలనుందని మా కోడలితో అన్నాను.

కోడలు నవ్వింది. "కట్టుడుపళ్ళు కూడా పెట్టుకోరు, ఎట్టా నవుల్తారత్తయ్యా?"

"నాలిక పీకుతందమ్మా" అన్నాను.

రొట్టె కాల్చి ఇచ్చింది. పళ్ళెం పట్టుకుని పిల్ల ఆడుకునే చోటికి పోయి కూర్చున్నాను. దానికి కనపడేటట్టు, పైన కొంగు కప్పాను.