కనబడలేదంటే లేదని కాదు

ల్యాబ్‌లో అందరూ ఆమెను చాటుగా "మళ్ళీ పంపండి మేడం" అంటారు. ఛాతీలోంచో పొట్టలోంచో తీసిన నీటిలో క్యాన్సర్ కణాలున్నాయేమో మైక్రోస్కోపులో వెతకడం ఆ డాక్టరమ్మ పని. వెతికీ వెతికీ మెడ పట్టేసింది, కళ్ళద్దాలు మందమయ్యాయి, ఓపిక మాత్రం పలచబడింది. "కణాలు కనబడలేదు" అని ఆమె రాస్తే అందరూ "క్యాన్సర్ లేదు" అని చదువుకుంటారు. మళ్ళీ పంపండని ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పినట్టే.

ఈసారి ఆ నీరు సొంత బాబాయిది. స్లైడు మీద మామూలు కణాలే ఉన్నాయి. పిన్ని సంబరానికి పట్టపగ్గాల్లేవు, సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి.

కానీ తీసిన నీరు తీసినట్టే మళ్ళీ ఊరుతోంది. అదే ఆమెకు నచ్చలేదు. క్యాన్సర్ ఉంటే కొన్ని పదార్థాలు ఆ నీటిలో పెరుగుతాయి, వాటిని ట్యూమర్ మార్కర్లంటారు. కణాలు చిక్కకపోయినా అవి చిక్కొచ్చు. ఆ పరీక్ష కూడా చేయించమని వార్డుకు చెప్పింది. వార్డువాళ్ళు నిక్షేపంగా చేతి నరంలోంచి రక్తం తీసి పంపారు. అందులో ఏమీ తేలలేదు. వార్డు డాక్టరు ఇక ఇంటికి వెళ్ళొచ్చనేశాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నేనడిగింది ఛాతీలో నీరండీ, నెత్తురు కాదు!"

"ఏదైనా ఒకటే కదా మేడం?"

"ఒకటైతే ఆయన ఛాతీలో సూది ఎందుకు గుచ్చినట్టు?"

ల్యాబ్ ఫ్రిజ్‌లో మిగిలిన నీటిని తనే తీసి పరీక్షకిచ్చింది. మార్కరు ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువగా వచ్చింది. అదొక్కటే రుజువు కాదు, అలాగని ఊరుకోవడానికీ లేదు. ఇంకోసారి నీరు తీద్దామంది.

పిన్ని విరుచుకుపడింది. "నీ నోట ఒక్క మంచి మాట రాదా? సొంత బాబాయి దగ్గర కూడా నీ చాదస్తమేనా?"

"తియ్యనీవే," అన్నాడు బాబాయి. "మనింటి కుళాయిలో నీళ్ళు రావుగానీ, నాలో బాగానే ఊరుతున్నాయి."

ఈసారి సీసా నిండా పట్టించి, వార్డువాళ్ళను నమ్మక తనే ల్యాబుకు మోసుకెళ్ళింది. స్లైడు అంచున కణాల గుంపు కనబడింది. సందేహం లేదు. తన మాటే నెగ్గింది, అందుకు తన మీదే కోపం వచ్చింది.

వార్డుకెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"ఉందా?" అన్నాడు బాబాయి.

"ఉంది బాబాయ్. మందులున్నాయి, మొదలుపెడదాం."

"మరి మొన్న లేదన్నావు?"

"కనబడలేదన్నాను."

"మీ పిన్నికి నువ్వే చెప్పు తల్లీ. నాకు భయం."

పిన్ని అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వినేసింది. ఇప్పుడు తనను నానా మాటలూ అంటుందని ఆమె సిద్ధపడింది. పిన్ని వచ్చి బాబాయి కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"ఏదో ఒకటి తిట్టు పిన్నీ," అంది ఆమె, ఏడుపు ఆపుకోలేక.